ఫిబ్రవరిలో మూడు రోజులు కారులో కోనసీమ: ఏ పూట ఎక్కడ ఉండాలి, ఏం తినాలి?

ప్రశ్న: సెడాన్_సంచారి

నమస్తే అండి. ఫిబ్రవరి రెండో వారంలో హైదరాబాద్ నుంచి కారులో కోనసీమ వెళ్దామనుకుంటున్నాం. శుక్రవారం తెల్లవారుజామున బయల్దేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి. మేమిద్దరం, ఎనిమిదేళ్ల బాబు, అమ్మానాన్నలు. అమ్మ శాకాహారి. నాన్నకి షుగర్ ఉంది, కానీ తీపి కనిపిస్తే ఆగరు. గుళ్లు ఒకటీ అరా చాలు, వెళ్లేదే తిండి కోసం.

ఇప్పటికి రాసుకున్నవి: ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజా, కాకినాడ గొట్టం కాజా, పులస పులుసు, పనసపొట్టు కూర, పొట్టిక్కలు, రొయ్యలు, రాజమండ్రి రోజ్ మిల్క్, వీలైతే తాటి ముంజలు. అన్నీ అవుతాయా? బస రాజమండ్రిలో పెట్టుకోవాలా, అమలాపురంలోనా, దిండిలోనా? కారు సెడాన్, నేలకి బాగా దగ్గరగా ఉంటుంది. గట్టు రోడ్ల మీద ఇబ్బంది అవుతుందా?

---

జవాబు 1: గోదారి_గట్టు

ముందు లిస్టులోంచి రెండు కొట్టేయండి. పులస వరదల కాలం చేప, ఫిబ్రవరిలో దొరకదు. ముంజలు ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి. వాటికి బదులు ఈ కాలంలో తేగలు దొరుకుతాయి. రోడ్డు పక్కన కట్టలు కట్టి అమ్ముతుంటారు, ఉడకబెట్టినవీ ఉంటాయి, కాల్చినవీ ఉంటాయి. పీచు లాగి పారేసి తినడమే. మధ్యలో ఉండే చందమామ (లేత మొలక) బాబుకి వదిలేయండి.

గోదావరి జిల్లాల్లో తిండికి నెలే కాదు, గంట కూడా చూసుకోవాలి. పొట్టిక్కలు పొద్దున తొమ్మిదిన్నర దాటితే ఉండవు. మెస్సుల్లో భోజనం పన్నెండున్నర నుంచి రెండింటి లోపు బాగుంటుంది. రెండున్నరకి వెళ్తే వేపుడు అడుగంటి, పప్పు నీళ్లయి ఉంటుంది. మూడు దాటితే బిర్యానీ తప్ప మరేదీ ఉండదు. చాలామంది తినాల్సినవి రాసుకుంటారు గానీ పూటలు రాసుకోరు. తర్వాత కోనసీమలో ఏమీ బాగాలేదంటారు.

మీ మూడు రోజులకి నేనైతే ఇలా చెప్తాను. శుక్రవారం ఐదింటికి హైదరాబాద్ దాటేయండి. టిఫిన్ సూర్యాపేట దగ్గర పెట్టుకుని, విజయవాడ, ఏలూరు, తణుకు మీదుగా వస్తే సిద్ధాంతం వంతెన మీద గోదావరి పాయ వశిష్ఠ దాటుతారు. దాటగానే రావులపాలెం. దారిలో ఒక్కసారే ఆగితే ఒంటిగంటకి అటూఇటూగా చేరతారు. భోజనం అక్కడే చేసేయండి. రావులపాలెం అరటి మార్కెట్‌కి పేరున్న ఊరు, చక్కెరకేళి ఒక అత్తం (గెలలో ఒక వరస) కారులో వేసుకోండి, బాబుకి రెండు రోజులు చిరుతిండి అయిపోతుంది. మరీ పండినవి వద్దు, డిక్కీ వేడికి సాయంత్రానికే నల్లబడతాయి.

భోజనం అయ్యాక ఎడమకి తిరిగి కాలవ గట్టు వెంట లొల్ల లాకుల మీదుగా ఆత్రేయపురం వెళ్లండి, పదిహేను కిలోమీటర్ల లోపే. ఇది శుక్రవారమే పెట్టుకోండి, శనివారం మాత్రం వద్దు. పక్కనే వాడపల్లి వెంకన్న గుడి. ఏడు శనివారాల మొక్కుకి వచ్చే జనంతో ఆ గట్టు రోడ్డు శనివారం కదలదు. పూతరేకులు కొనుక్కుని వెనక్కి రావులపాలెం వచ్చి, కొత్తపేట మీదుగా అమలాపురం చేరండి. చీకటి పడకముందే చేరితే మంచిది.

మొదటి రాత్రి అమలాపురం. శనివారం పొద్దున ఏడున్నరకి అంబాజీపేటలో పొట్టిక్కలు, పది కిలోమీటర్లకి అటూఇటూ ఉంటుంది. మధ్యాహ్నం అమలాపురంలోనే శాకాహార భోజనం. మూడింటికి బయల్దేరి రాజోలు మీదుగా దిండి చేరి, రెండో రాత్రి అక్కడ ఉండండి. ఆదివారం వెనక్కి రావులపాలెం రానక్కర్లేదు. దిండి పక్కనే చించినాడ వంతెన ఉంది, వశిష్ఠ దాటి పాలకొల్లు మీదుగా తణుకు దగ్గర హైవే ఎక్కేయొచ్చు. పదింటికి కదిలితే రాత్రి ఎనిమిదికి ఇంట్లో ఉంటారు.

కాకినాడ, రాజమండ్రి ఈ ట్రిప్పులో వదిలేయండి. రోజ్ మిల్క్ కోసం ఇంకో పాయ గౌతమి దాటి రాజమండ్రి ట్రాఫిక్‌లో దూరి రావడమంటే ఒక పూట పోయినట్టే.

---

జవాబు 2: పొయ్యి_పక్కన

గట్టు గారి ప్లాను బాగుంది. కొనేటప్పుడు, తినేటప్పుడు చూసుకోవాల్సినవి నేను చెప్తాను.

పూతరేకులు. దుకాణంలో డబ్బా కొనుక్కుని వచ్చేయకండి, రేకు తీసే చోటికి వెళ్లి చూడండి, అడిగితే చూపిస్తారు. జయ రకం బియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బి, పాలంత పల్చగా జారు కలుపుతారు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట ఉంటుంది. పల్చటి గుడ్డని జారులో ముంచి కుండ మీద ఒక్కసారి లాగితే రేకు తయారు. మంట ఎక్కువైతే రేకుకి చిల్లులు పడతాయి, తగ్గితే కుండకి అతుక్కుంటుంది. ఇంట్లో గ్యాసు మీద చెయ్యబోయి విసుగెత్తి వదిలేసేది ఇందుకే. ఆకుల మంట క్షణంలో పెరుగుతుంది, క్షణంలో తగ్గుతుంది, తీసేవాళ్ల చెయ్యి దానికి అలవాటు పడి ఉంటుంది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు పెట్టుకుని హైవే పొడవునా అమ్మేవన్నీ అక్కడివే అనుకోకండి.

కొనేముందు ఒకటి తెరిచి చూడండి. మంచి రేకు నాలిక మీద పెడితే కరిగిపోవాలి, పంటికి కాగితంలా తగిలిందంటే పాతది. నెయ్యి వాసన ముందు తెలియాలి. పెదవులకి మైనం పూసినట్టు అంటుకుంటే అందులో డాల్డా కలిసింది. పంచదార పొడివి ఎక్కువ రోజులు నిలవుంటాయి. బెల్లం తురుమువి రుచిలో మెరుగు, కానీ బెల్లం చెమ్మ లాగి రేకుని తొందరగా మెత్తబరుస్తుంది. తాతయ్యలకీ బంధువులకీ పంచాలంటే పంచదారవి, మీ ఇంట్లోకి బెల్లంవి తీసుకోండి.

ఇంకో మంచి పద్ధతి, ఒట్టి రేకుల కట్ట కొనుక్కోవడం. చెమ్మ తగలకపోతే చాలాకాలం ఉంటాయి. కావలసినప్పుడు ఇంట్లో చుట్టుకోవచ్చు. తడిపి గట్టిగా పిండేసిన గుడ్డ పరిచి, దాని మీద రేకుని నాలుగైదు సెకన్లు ఉంచితే మడతకి లొంగుతుంది. అంతకుమించి ఉంచితే ముద్దయిపోతుంది. ఒక చుట్టకి రెండు మూడు రేకులు, ఒక చెంచా కరిగిన నెయ్యి, రెండు చెంచాల పొడి, సన్నగా తరిగిన జీడిపప్పు. నెయ్యి వేడిగా ఉండకూడదు, పొడి కరిగి చారలు కడుతుంది.

కారులో డబ్బాలు డిక్కీలో సూట్‌కేసుల కింద పెట్టకండి, వెనక అద్దం దగ్గర ఎండలోనూ పెట్టకండి. నెయ్యి కరిగి కిందికి దిగితే పై రేకు ఎండిపోతుంది, కింది రేకు నానిపోతుంది. వెనక సీటు కింద నేల మీద పెడితే చాలు. రాత్రి గదిలోకి తెచ్చుకోండి.

పొట్టిక్కలు. ఇడ్లీ పిండినే పనసాకుల దొన్నెలో పోసి ఆవిరి పెడతారు. నాలుగు ఆకుల్ని కొబ్బరి ఈనెపుల్లతో కుట్టి దొన్నె చేస్తారు. లోతు ఎక్కువ కాబట్టి ఇడ్లీ పది నిమిషాల్లో ఉడికితే ఇది ఇరవై నిమిషాల పైనే తీసుకుంటుంది. హడావిడిగా దించినవి మధ్యలో పిండిపిండిగా ఉంటాయి, అలాంటిది వస్తే మొహమాటపడకుండా మార్చమనండి. ఆకు వేడిగా ఉండగానే విప్పాలి. చల్లారాక విప్పితే పిండి ఆకుకే ఉండిపోతుంది, వాసనా తగ్గుతుంది. పక్కన కొబ్బరి పచ్చడి, అల్లం పచ్చడి, చాలాచోట్ల బొంబాయి చట్నీ ఉంటాయి. బాబుకి నెయ్యి, పంచదార అడగండి. దొన్నెలో పుల్లలు ఉంటాయని వాడికి ముందే చెప్పండి, కొరికేస్తారు పిల్లలు.

పనసపొట్టు కూర మీ అమ్మగారి కోసమే ఉన్నట్టుంది. పెళ్లి భోజనాల్లో తప్ప రోజూ హోటల్లో ఉండదు. అందుకే శుక్రవారం సాయంత్రమే అమలాపురంలో మెస్సుకి వెళ్లి, రేపు ఉందా, చేయగలరా అని అడిగి పెట్టుకోండి. చేసేవాళ్లు ఆవ పెట్టి చేస్తారా అని కూడా అడగండి. కొన్నిచోట్ల కారం, మసాలా వేసి వేపుడులా చేస్తారు, అదీ బాగుంటుంది గానీ అసలు రుచి ఆవదే. నానబెట్టిన ఆవాలు, ఎండుమిర్చి, ఉప్పు కలిపి నూరిన ముద్దని, పొట్టు ఉడికి, చింతపండు పులుసు ఇగిరి, పోపు అయిపోయి, మూకుడు దించి చల్లారాక కలుపుతారు. పొయ్యి మీద ఉండగా కలిపితే చేదు వస్తుంది. చేదు తగిలితే తప్పు పనసది కాదు, తొందరది.

పొట్టు కొట్టించుకుని హైదరాబాద్ తెచ్చుకోవాలని చూడకండి, గంటల్లో నల్లబడుతుంది. లేత కాయ కొనుక్కుని, తొడిమ దగ్గర కారే జిగురుకి పాత పేపరు చుట్టి తెచ్చుకోండి. ఇంట్లో కొట్టేటప్పుడు చేతికీ కత్తికీ నూనె రాసుకోవాలి.

---

జవాబు 3: చేపల_రేవు

పులస గురించి గట్టు గారు ఒక్క ముక్కలో తేల్చేశారు, కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఫిబ్రవరిలో కూడా మీకు పులస బోర్డులు కనిపిస్తాయి.

సముద్రంలో ఉన్నప్పుడు దీన్ని విలస అంటారు. వరదకి ఎర్రనీళ్లు దిగే జూలై, ఆగస్టు, సెప్టెంబరుల్లో గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి ఎదురీదుతుంది. తీపి నీళ్లలో ఈదే కొద్దీ ఒంట్లో ఉప్పు తగ్గి రుచి మారుతుంది, అప్పుడు పులస. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత దీని గురించే. సీజన్లో ఒక్క చేప వేలల్లో పలుకుతుంది. మిగతా కాలంలో బోర్డు కింద పెట్టేది ఐసులో నిలవ సరుకు, లేదంటే వేరే రాష్ట్రాల నుంచి దిగిన విలస. పులుసులో మునిగాక తేడా కనిపెట్టడం కష్టం. పైగా సన్న ముళ్లు బాగా ఉండే చేప, ఎనిమిదేళ్ల బాబుకి పెట్టాల్సింది కాదు. తినాలనుంటే ఆగస్టులో విడిగా రండి.

మీరు వచ్చే రోజుల్లో అడగాల్సింది పండుగప్ప. ముళ్లు తక్కువ, కండ మందం, పిల్లలకి హాయి. ముక్కలు వేపుడుకి, తల పులుసుకి. కొరమీను అడగొచ్చు, బొమ్మిడాయలు దొరికితే పులుసు చెప్పండి, పక్కన వేడన్నం చాలు. రొయ్యల్లో వనామి చెరువు సరుకు ఎప్పుడూ ఉంటుంది. నీలకంఠ రొయ్య దొరికిందంటే తలతో ఇగురు పెట్టించండి, రుచంతా తలలోనే. చింతచిగురు రొయ్యలకి మాత్రం మీరు కొంచెం ముందొస్తున్నారు, చిగురు వేసవి మొదట్లో వస్తుంది. ఈసారికి గోంగూర రొయ్యలతో సరిపెట్టుకోండి.

దిండిలో దిగగానే మెనూ చూసి ఆర్డరివ్వడం కంటే, శనివారం పొద్దునే ఫోను చేసి చెప్పేయండి. శనివారం చాలా ఇళ్లలో నీచు తినరు, గిరాకీ తక్కువని కొన్నిచోట్ల చేప తెప్పించరు. ముందు చెప్తే తెచ్చి ఉంచుతారు. పీతలు తప్పకుండా ముందు రోజే చెప్పాలి. పీతని చేతిలో పట్టుకుంటే సైజుకి మించి బరువుండాలి, తేలిగ్గా ఉంటే లోపల గుల్ల. కాళ్లు కదలనిది వద్దే వద్దు.

కొనిచ్చి వండించుకునే పద్ధతి కూడా ఉంది. అప్పుడు లెక్క జాగ్రత్త. చేప తూకం శుభ్రం చేయకముందు చూస్తారు. రెండు కేజీల పండుగప్పలో పొలుసు, పేగులు, మొప్పలు పోగా కేజీన్నర లోపే చేతికొస్తుంది. నలుగురు తినడానికి అది చాలు. వండే కూలీ, నూనె, మసాలా కలిపా విడివిడిగానా అని ముందే మాట్లాడుకోండి, గొడవలన్నీ అక్కడే. మొప్ప ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే కండ తిరిగి లేవాలి. రొయ్య తల నల్లబడి ఊడి వచ్చేస్తుంటే పక్కన పెట్టండి.

---

సెడాన్_సంచారి

అందరికీ చాలా థాంక్స్. పులస, ముంజలు తీసేశాను. మూడు సందేహాలు. ఒకటి, కాజా లేకుండా ఇంటికెళ్తే మా ఆవిడ ఊరుకోదు, మరి కాకినాడ వదిలేస్తే ఎలా? రెండు, దిండి నుంచి అంతర్వేది చూసి, అక్కడి నుంచి నరసాపురం వెళ్లే దారి మ్యాపులో దగ్గరగా చూపిస్తోంది, అలా వెళ్లొచ్చా? మూడు, నాన్న తిండి సంగతి.

---

జవాబు 4: రెండొందల_పదహారు

గట్టు గారితో నేను పూర్తిగా ఒప్పుకోను. కాకినాడ వదిలేయనక్కర్లేదు, దిండి వదిలేయొచ్చు. శనివారం పొట్టిక్కలు తిని తొమ్మిదింటికి అమలాపురం నుంచి 216 హైవే ఎక్కితే, ముమ్మిడివరం, యెదుర్లంక వంతెన, యానాం మీదుగా కాకినాడ 65 కిలోమీటర్ల చిల్లర. పదకొండున్నరకి అక్కడుంటారు. సుబ్బయ్య గారి హోటల్లో శాకాహార భోజనం మీ అమ్మగారు నెలరోజులు చెప్పుకుంటారు. పన్నెండింటికల్లా వెళ్తే కూర్చోవడానికి చోటు, కూరలన్నీ దొరుకుతాయి. గొట్టం కాజా కోటయ్య పేరున్న దుకాణంలో కొనుక్కుని, సాయంత్రం రామచంద్రపురం వైపు నుంచి తాపేశ్వరం వచ్చి మడత కాజా తీసుకుని, ఆ రాత్రి రావులపాలెంలోనో రాజమండ్రిలోనో ఉండండి. ఆదివారం రోజ్ మిల్క్ కూడా అయిపోతుంది. దీంట్లో పోయేది చేపల రాత్రి ఒక్కటే. దిండి కొబ్బరి తోటలు చూడ్డానికి బాగుంటాయి గానీ, మీరు తిండికోసమే వెళ్తున్నామన్నారు కదా.

యానాంలో పెట్రోలు కొట్టించండి. అది పుదుచ్చేరి కింద ఉన్న ఊరు, ఆంధ్ర కంటే రేటు తక్కువ. మందు సీసాలు మాత్రం డిక్కీలో వేసుకురాకండి, హద్దు దాటాక పట్టుకుంటే కుటుంబంతో సహా స్టేషన్లో కూర్చోవాలి.

ఇక నరసాపురం దారి. మ్యాపులో గీత ఉంది, నేల మీద రోడ్డు లేదు. సఖినేటిపల్లి దగ్గర గోదారి అడ్డం, అక్కడ పంటు (బళ్లను దాటించే పడవ) మీద దాటాలి. కారు ఎక్కుతుంది. కానీ పంటు ఎక్కే రేవు దగ్గర వాలు, ఇనప రేకుల అంచు మీ సెడాన్ ముందు బంపరుకి తగులుతాయి. నీటిమట్టాన్ని బట్టి వాలు మారుతుంది. ఐదుగురితో, సామానుతో ఎక్కించకండి. తప్పదనుకుంటే అందర్నీ దించి, ఏటవాలుగా కాకుండా నేరుగా, ఫస్ట్ గేరులో నెమ్మదిగా పోవాలి. కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య కూడా ఇంతే. చించినాడ వంతెన ఉండగా ఈ బాధ దేనికి? మ్యాపులో దారి పెట్టుకునేటప్పుడు ఫెర్రీలు వద్దనే సెట్టింగు ఉంటుంది, అది ఒకసారి నొక్కండి.

అంతర్వేది వెళ్లేముందు పంచాంగం చూసుకోండి. మాఘమాసంలో రథసప్తమి నుంచి పౌర్ణమి దాకా లక్ష్మీనరసింహస్వామి కల్యాణోత్సవాలు, భీష్మ ఏకాదశికి రథం. ఆ రోజుల్లో రాజోలు నుంచే బస్సులూ ట్రాక్టర్లూ బారులు తీరతాయి. గదులు కూడా దొరకవు. మీ తేదీలు అందులో పడితే దిండి గది ఇప్పుడే పెట్టుకోండి, లేదంటే నేను చెప్పిన కాకినాడ దారి.

గట్టు రోడ్లు సెడాన్‌కి ఫరవాలేదు. గుంతల కంటే వెడల్పే సమస్య. ఒక పక్క కాలవ, చాలాచోట్ల పిట్టగోడ ఉండదు. ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే వెనక్కి తీసుకోవాల్సింది మీరే, అందుకే దాటిన ప్రతి వెడల్పు చోటూ గుర్తుపెట్టుకోండి. కాలవ వైపు మట్టి అంచు మీదికి చక్రం దింపకండి, పైకి గట్టిగా కనిపిస్తుంది, కింద నానిపోయి ఉంటుంది. పొద్దున ఏడు, ఎనిమిది దాకా పొగమంచు ఉండొచ్చు, హెడ్‌లైటు లోబీములో పెట్టి నెమ్మదిగా రండి. అన్నిటికంటే ముఖ్యం, కొబ్బరిచెట్టు కింద కారు ఆపకండి. నీడ చూసి అందరూ అక్కడే ఆపుతారు. కాయ పడితే అద్దమే కాదు, బానెట్ కూడా సొట్టే.

---

జవాబు 5: గోదారి_గట్టు

ఆయ్, ఎవరి దారి వారిదండి. చేప తినని ఇంటికి 216 గారి దారి మంచిదే. నలుగురు చేప తినేవాళ్లుండగా దిండి వదలమంటే మాత్రం నా మనసొప్పదు.

కాజా సంగతి. మడత కాజా, గొట్టం కాజా రెండూ పెద్ద ఊళ్లలో దుకాణాల్లో దొరుకుతాయి, అమలాపురంలోనూ దొరుకుతాయి. మడత కాజా ఫరవాలేదు, పొరల మధ్య పాకం ఆరినా రుచి నిలుస్తుంది. గొట్టం కాజా మాత్రం చేసిన చోట తిన్నదే తినడం. మైదా గొట్టంలో పాకం నిండి ఉంటుంది. కొరికితే చొక్కా మీద కారుతుంది, ఒక్కసారిగా నోట్లో పెట్టుకోవాలి. పెద్ద సైజువి కాకుండా చిన్నవి అడగండి. డబ్బాని అడ్డంగా పడుకోబెడితే హైదరాబాద్ చేరేసరికి పాకం అంతా అడుగున ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టకండి, పాకం గడ్డకట్టి పంచదార పలుకులు తేలుతుంది.

నాన్నగారి తిండి. షుగర్ ఫ్రీ పూతరేకులని అమ్ముతారు, ఆ పేరు చూసి డబ్బా చేతికివ్వకండి. రేకే బియ్యప్పిండి. పంచదార తీసేసి ఖర్జూరమో తేనో వేస్తే షుగర్ తగ్గదు. అసలు పూతరేకులే భోజనం అయ్యాక సగం ముక్క ఇవ్వడం మేలు. దానికంటే పెద్ద ప్రమాదం డ్రైవింగు రోజు భోజనం ఆలస్యం కావడం. భోజనానికి ముందు వేసుకునే మాత్రో, ఇన్సులినో ఉంటే, రావులపాలెం ఇంకో అరగంటలో వస్తుందని కారులోనే ఇచ్చేయకండి. సిద్ధాంతం వంతెన మీద ట్రాఫిక్ ఆగితే ఆ అరగంట గంటన్నర అవుతుంది. ఆకులో అన్నం పడ్డాకే. గ్లూకోజ్ ప్యాకెట్టు చేతికందే చోట ఉంచండి. ఆయనకి తేగలు, పెసరట్టు బాగా నప్పుతాయి, ఉప్మా పెసరట్టు కాకుండా ఒట్టి పెసరట్టు చెప్పండి. దిబ్బరొట్టె దొరికితే అందరూ చెరుకు పానకంతో తింటారు, ఆయనకి ఆవకాయతో పెట్టండి.

అమ్మగారికి ఒక మాట. చిన్న హోటళ్లలో చేపలు వేసిన మూకుట్లోనే వంకాయ కూడా వేస్తారు. ఆవిడ పట్టింపు ఉన్నవారైతే బోర్డు మీద శాకాహార భోజనం అని ఉన్నచోటికే వెళ్లండి, వెజ్ కూడా ఉందన్న మాట నమ్మకండి. దిండి రాత్రికి ఆవిడకి విడిగా పప్పు, పెరుగు చెప్పేయండి. లేదా అమలాపురం నుంచే కంద బచ్చలి, పులిహోర కట్టించుకు వెళ్లండి. పెరుగన్నం కట్టించుకుంటే పాలు ఎక్కువ పోసి, పెరుగు తక్కువ వేయించండి, సాయంత్రానికి పులవదు.

అంబాజీపేట నుంచి రాజోలు వెళ్లేటప్పుడు పి.గన్నవరం మీదుగా వెళ్తే అక్విడక్టు, అంటే గోదారి పాయ మీదుగా కాలవని దాటించే వంతెన, చూడొచ్చు. డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు దానికి. ఆవిడ 1841 నుంచి 1909 దాకా ఉన్న మనిషి, గోదారి దాటి వచ్చే బాటసారులకి వేళ కాని వేళ కూడా అన్నం పెట్టినావిడ. ఈ ఊళ్లలో ఇప్పటికీ భోజనాల వేళ ఎవరైనా వస్తే తినకుండా పంపరు. మామిడికుదురు వైపు నుంచి వెళ్తే నగరం అనే ఊరి గరాజీలు కూడా అడగండి. కరకరలాడే తీపి, కారులో పిల్లాడి చేతికిస్తే సీటంతా పొడి అవుతుంది, గదిలో తినండి.

---

జవాబు 6: చేపల_రేవు

ఆదివారం తిరుగు దారిలో భీమవరం వైపు వెళ్లే ఆలోచన ఉంటే రొయ్యలు ఇంటికి తీసుకెళ్లొచ్చు. థర్మోకోల్ పెట్టె అక్కడే దొరుకుతుంది. తల, పెంకు తీయించి, నడుం మీది నల్ల నరం తీయించి, నీళ్లు ఓడ్చాక రెండు కవర్లలో కట్టించండి. ఒక కేజీ రొయ్యకి ఒక కేజీ ఐసు, అదీ పొడి చేసిన ఐసు. అడుగున ఒక పొర, మధ్యలో రొయ్య, పైన ఒక పొర. కవరు లేకుండా ఐసులో వేస్తే కరిగిన నీళ్లలో నాని చప్పబడతాయి. పెట్టె మూత చుట్టూ టేపు వేసి డిక్కీలో కాకుండా ఏసీ తగిలే చోట కాళ్ల దగ్గర పెట్టుకోండి. విజయవాడ దాటాక ఒకసారి మూత తీసి కరిగిన నీళ్లు వంచేసి, అవసరమైతే ఐసు వేయండి. ఇంటికి చేరిన రాత్రే ఉప్పు, పసుపు వేసి నీరు ఇగిరేదాకా ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టేస్తే, మర్నాడు కూర తీరిగ్గా చేసుకోవచ్చు.

అంత పని వద్దనుకుంటే రొయ్యల పచ్చడి కొనండి. నూనె ముక్కల పైదాకా తేలి ఉన్న సీసానే తీసుకోండి. ముక్క నూనెలోంచి బయటికి కనిపిస్తే అక్కడి నుంచే పాడవడం మొదలవుతుంది. మూత బిగించి, కవరులో పెట్టి, నిలబెట్టే తీసుకెళ్లండి, పూతరేకుల పక్కన మాత్రం పెట్టకండి.